బంగార్రాజు ఖాళీ కడుపు

ఆ రోజు పొద్దున్న బంగార్రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. టాటానగర్‌లో లోకల్ రైలు పట్టుకుని గమ్హరియా వెళ్ళాలి, ఫ్యాక్టరీ డాక్టరుకి రక్తం ఇవ్వాలి, తర్వాత క్రేన్ ఎక్కి తన కుర్చీలో తను కూర్చోవాలి. ఏటా ఒకసారి జరిగే మెడికలే అది. ఏటా పాసవుతూనే ఉన్నాడు. కాకపోతే ఈసారి కొత్త డాక్టరొచ్చాడు. రక్తంలో ఇదివరకెవరూ చూడనివన్నీ చూస్తున్నాడు. ముందురోజు రాత్రి భోజనం అయ్యాక, రక్తం ఇచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని గేటు దగ్గర నోటీసు కూడా అంటించాడు.

బంగార్రాజు ఆ నోటీసును అక్షరాలా పాటించాడు. టీ తాగలేదు. చద్దన్నం గిన్నె వంక చూడలేదు. పర్సుడీహ్‌లో తెలుగువాళ్ళుండే లైనులో అతనిది చివరి ఇల్లు. గుమ్మం దాటబోతుంటే భార్య సింహాచలమ్మ ఎదురొచ్చి, దేవుడి ముందు నుంచి తెచ్చిన గోధుమరవ్వ ప్రసాదం ఇంత ముద్ద అతని దోసిట్లో పెట్టింది. కూతురి పరీక్షలు కానీ, రేషన్ కార్డు పని కానీ, పన్ను పీకించుకోవడం కానీ, ఇంట్లో ఎవరికి ఏ గండం ఎదురైనా ఆవిడ తెల్లారకముందే తలస్నానం చేసి సత్యనారాయణస్వామికి ఆ ప్రసాదం వండేది. నెయ్యి, పంచదార దగ్గర దేవుడితో బేరాలాడే మనిషి కాదు.

"కళ్ళకద్దుకుని ఏసుకోండి. మెడికలంటే సిన్న ఇసయమేటి?" అంది.

బంగార్రాజు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. క్రేన్ పేరు చెప్పి ఇంకో ముద్ద పెడితే అదీ వేసుకున్నాడు. చేతులు తుడుచుకుని, ఖాళీ కడుపుతో స్టేషన్ వైపు నడిచాడు.

రెండ్రోజుల తర్వాత డాక్టర్ లాహిరీ అతన్ని పిలిపించాడు. డాక్టరుది బెంగాలీ హిందీ, బంగార్రాజుది శ్రీకాకుళం హిందీ. ఎవరి హిందీ వాళ్ళు మాట్లాడుకున్న ఆ సంభాషణ తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా సాగింది.

"రక్తం ఇచ్చిన రోజు ఏమైనా తిన్నావా?"

"నేదు సార్. ఏక్‌దమ్ ఖాళీ కడుపు."

"అయితే మరీ ఘోరం. నీ ట్రైగ్లిజరైడ్లు చాలా ఎక్కువున్నాయి. అంటే రక్తంలో తిరిగే కొవ్వు."

"కొవ్వేటి సార్? మా ఇంట్లో నెయ్యి దేవుడికే గానీ మనుసులకి నేదు!"

"నెయ్యి ఒక్కటే కాదయ్యా. ప్లేటు నిండా అన్నం, నాలుగు చెంచాల పంచదార వేసిన టీ, పకోడీలు, జీతం రోజు సీసా, ఒంటికి అక్కర్లేకుండా మిగిలిందంతా కొవ్వయి రక్తంలో చేరుతుంది. అన్నం సగం చెయ్యి. తీపి మానెయ్యి. సీసా ముట్టకు. కూరలు, పప్పు, చేప తిను, చేప కూడా వేపుడు కాదు. రోజూ నడువు. ఆరు వారాలయ్యాక మళ్ళీ చూద్దాం."

ఈ మాటలంటున్నప్పుడు డాక్టరు ముందు టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. అందులో ఉడకబెట్టిన బొప్పాయి ముక్కలూ రెండు ఎండు రొట్టెలూ ఉన్నాయి. డాక్టరు వాటిని చూసిన చూపులో బంగార్రాజు మీద కన్నా ఎక్కువ జాలి ఉంది.

"మరి నా క్రేన్ సార్?"

"అప్పటిదాకా కిందే. పైన నీకేదైనా అయితే కింద కరిగిన ఇనుముతో పని చేసేవాళ్ళ గతేమిటి? ఈసారీ ఇలాగే వస్తే క్రేన్ సంగతి మర్చిపో."

ఇనుము కరిగించి పోసే ఆ ఫౌండ్రీలో క్రేన్ కేబిన్ ఒక్కటే బంగార్రాజుకు సొంత రాజ్యం. సింహాచలమ్మ పాత చీరతో కుట్టిన దిండు ఆ కుర్చీలో ఉంటుంది. అక్కడికి ఫోర్‌మన్ రాడు, అప్పులవాడు రాడు, బంధువులు రారు. లేడిల్ అనే పెద్ద ఇనప బాల్చీ నిండా కరిగిన ఇనుమును, నిద్రపోతున్న పసిపిల్లను మోసినట్టు, అంత మెల్లగా మోయగలడని ఫౌండ్రీలో అందరూ చెప్పుకునేవారు. పైగా అతని తండ్రి ఇదే వయసులో రైల్వే గూడ్స్ షెడ్‌లో గుండె పట్టుకుని కూర్చుని, ఇక లేవలేదు. డాక్టరు గదిలోంచి బయటికొస్తూ బంగార్రాజు తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అది గబగబా కొట్టుకుంటోంది. కొవ్వంతా అటే పరిగెడుతోందేమోనని భయపడి చెయ్యి తీసేశాడు.

క్రేన్ మీదికి పోలరాజు ఎక్కాడు. బంగార్రాజుకు వరసకు బావమరిది, అదే లైనులో ఉంటాడు. చెడ్డవాడేం కాదు, కంగారు మనిషి. అతను హ్యాండిల్ ముట్టుకుంటే క్రేన్ ఉలిక్కిపడేది. కింద నిలబడి చేతి సైగలతో అతనికి దారి చూపించే పని బంగార్రాజుకిచ్చారు. ఇనుము నిండిన లేడిల్ జనం మధ్య నుంచి ఊగుతూ పోతున్నంతసేపూ బంగార్రాజు ఊపిరి బిగబట్టేవాడు. అది మూసలో ఒరిగాక ఊపిరి వదిలి, ఇలా బిగబడితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయా అని పక్కవాణ్ణి అడిగేవాడు. పక్కవాడికి ఆ మాట పలకడం కూడా వచ్చేది కాదు.

ఇంట్లో ఈ వార్త వినగానే సింహాచలమ్మ పీట మీద కూలబడింది.

"సగం అన్నమా? సగం అన్నం తిని మగోడు బతుకుతాడేటి? ఆ డాక్టరు డాక్టరేనా?"

"అమ్మా, రోనా బంద్ కరో!" అని తల్లి ఏడుపు ఆపించింది కూతురు రమాదేవి. కాలేజీలో సైన్సు చదువుతోంది. తల్లిదండ్రులు తెలుగులో అడిగినవాటికి హిందీలో జవాబు చెప్పడం ఆ పిల్లకు అలవాటు. "పప్పా కీ ప్లేట్ మై బనావూంగీ. సగం కూర, పావు పప్పు, మిగిలిందే అన్నం. పంచదార బంద్. వేపుడు బంద్."

ఆ రోజు నుంచి బంగార్రాజు కంచం కాలేజీ వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయింది. పొద్దున్న బెల్లం లేని చోడి అంబలి. మధ్యాహ్నానికి సత్తు, అంటే వేయించిన శనగపిండి నీళ్ళలో కలిపి, ఉల్లిపాయ వేసి నిమ్మరసం పిండినది. రాత్రికి తోటకూర, పప్పు, నూనె తగ్గించిన చేపల పులుసు, వాటి పక్కన భయపడుతూ కూర్చున్నంత అన్నం. పంచదార లేని టీ మొదటిసారి తాగినప్పుడు బంగార్రాజు గ్లాసులోకి తొంగిచూసి, "ఇది టీయేనా, గుడ్డలుతికిన నీలా?" అని అడిగాడు. గమ్హరియా స్టేషన్ నుంచి ఫ్యాక్టరీకి అందరూ ఎక్కే టెంపో మానేసి నడవడం మొదలుపెట్టాడు. చావు భయం ఎంత పనైనా చేయిస్తుంది కదా, కొన్నాళ్ళకి ఆ టీ కూడా గొంతు దిగింది. పొట్ట తగ్గింది. ప్యాంటు వదులైంది. అసలు గొడవంతా ఆ వదులైన ప్యాంటుతోనే మొదలైంది.

జీతాల రోజు సాయంత్రం పర్సుడీహ్ లైనులో మగాళ్ళందరూ ఒకచోట చేరతారు. ఆ సీసా దగ్గర బంగార్రాజు చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దురా" అన్నాడు. అందరూ గ్లాసులు దించారు. ఆ లైనులో జీతం రోజు సీసా వద్దన్న మగాడు మాలలోనైనా ఉండాలి, మంచం మీదైనా ఉండాలి. బంగార్రాజు మెళ్ళో మాల లేదు. ప్యాంటు చూస్తే తాడుతో కట్టినట్టుంది. అన్నం మానేశాడట, డాక్టరు క్రేన్ మీంచి దింపేశాడట. అన్నీ కలుపుకుని చూసి, గ్లాసులు ఖాళీ అయ్యేలోపే లైనంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది.

మర్నాటి నుంచి పరామర్శలు. జబ్బు మనిషిని చూడ్డానికి ఒట్టి చేతులతో వెళ్ళడం ఆ లైనులో ఎవరికీ తెలియదు. ఒకరు అరటిపళ్ళు, ఒకరు గ్లూకోజ్ బిస్కెట్లు, ఒకరు హార్లిక్స్ సీసా. పోలరాజు భార్య నూకాలమ్మ గంపలో బూరెలే తెచ్చింది.

"తిను అన్నా. తినాలనున్నప్పుడే తినాల. తరవాత ఉంతామో నేదో ఎవులికి తెలుసు?" అని కళ్ళొత్తుకుంది.

"నాకేటీ అవనేదే నూకాలూ! నెత్తుట్లో కాస్త కొవ్వుందంట, అంతే."

"అలాగే అన్నా, అలాగే. నువ్వలాగే ధైర్నంగా ఉండాల" అని ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది.

బూరెలు వద్దంటే మనిషిని వద్దన్నట్టే. తీసుకుంటే రమాదేవి ఊరుకోదు. పారేస్తే సింహాచలమ్మ ఊరుకోదు. చివరికి వచ్చినవన్నీ మూటగట్టి బంగార్రాజు రోజూ ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాడు. మూట వాసన పోలరాజుకు కేబిన్ దాకా వెళ్ళేదో ఏమో, పైనుంచి తాడు కట్టిన బుట్ట దిగేది. మూట ఎక్కేది. ఆ రకంగా లైనువాళ్ళు బంగార్రాజు మీద చూపించిన జాలి అంతా పోలరాజు కడుపులోకి చేరుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం నూకాలమ్మ రెండో విడత బూరెలు పైకెళ్ళాయి. తన పెళ్ళాం చేసినవేనని తెలియక పోలరాజు, "ఎవులు సేసినారు బావా? మా ఇంటిదానికి ఇలాగ రావు!" అని పైనుంచి కేకేసి మెచ్చుకున్నాడు. కడుపు నిండింది, కేబిన్ వెచ్చగా ఉంది. ఖాళీ మూసపెట్టెను మోసుకుపోతున్న క్రేన్ దారి తప్పి తలుపు వైపు మళ్ళింది. ఆ తలుపు నీడలో మేనేజరు గారు తన కొత్త స్కూటర్ పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి బుకింగ్‌లో ఎదురుచూసి, ఆ వారమే తెచ్చుకున్న స్కూటర్.

"ఆపరా! ఒరే పోలరాజూ! ఆపు!" అని బంగార్రాజు రెండు చేతులూ పైకెత్తి గెంతాడు.

పోలరాజు కళ్ళు తెరిచి, కంగారుగా ఏదో హ్యాండిల్ లాగాడు. అది దించే హ్యాండిల్. మూసపెట్టె ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, ఒద్దికగా, స్కూటర్ మీద కూర్చుంది. అదృష్టం కొద్దీ అక్కడ మనుషులెవరూ లేరు. ఉంటే ఏమయ్యేదో తల్చుకుని బంగార్రాజు అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు.

మేనేజరు సరాసరి డాక్టరు గదికెళ్ళాడు. "నాకు మళ్ళీ బంగార్రాజే కావాలి. ఆరు వారాలు లేవు, ఏమీ లేవు. రేపే రక్తం తీయండి. పాసైతే పైకెక్కించండి. లేకపోతే కలకత్తా నుంచి పర్మనెంటు ఆపరేటర్ని తెప్పిస్తా. వీళ్ళిద్దరిలో ఎవడూ ఇంక నా క్రేన్ ముట్టుకోడు" అన్నాడు.

ఆ కబురు బంగార్రాజు కంటే ముందు రైలెక్కి లైనుకు చేరింది. ఇప్పుడు నూకాలమ్మ కూడా నిజంగా ఏడ్చింది, ఎందుకంటే పోలరాజు పనీ పోయేలా ఉంది. బంగార్రాజు పాసైతే మేనేజరు శాంతించి ఇద్దరికీ పని మిగులుతుందని లైనంతా తేల్చుకుంది. ఎవరికి తోచిన దేవుడికి వాళ్ళు మొక్కుకున్నారు.

మర్నాడు తెల్లవారేసరికి ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలిగింది. రమాదేవి వంటగది గుమ్మంలో కాపలా కూర్చుంది. "పప్పా, చాయ్ నహీ. బిస్కిట్ నహీ. కుఛ్ భీ నహీ" అని వేలు చూపించి చెప్పింది. ఆ వేలికి అంటుకున్న ప్రసాదం నాక్కుని మళ్ళీ చెప్పింది. సింహాచలమ్మ ఈసారి మొక్కు పెద్దది కనుక ముద్దలూ పెద్దవే చేసింది. గుమ్మం దిగితే నూకాలమ్మ అమ్మవారి చలిమిడి, తవిటమ్మ చక్రపొంగలి, జోగమ్మ కొబ్బరి లడ్డు. బంగార్రాజు ఒక్కోటీ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటూ లైను మొదటిదాకా నడిచాడు. మొదటి ఇంటివాళ్ళు పానకం ఇచ్చారు. భయంతో నోరెండిపోయి ఉందేమో, అది అమృతంలా దిగింది.

"ఖాళీ కడుపేనా?" అని డాక్టరు అడిగాడు.

"నిన్న రాత్రి నించి ఏటీ ముట్టనేదు సార్" అన్నాడు బంగార్రాజు. అందులో అబద్ధం ఉందని అతనికి కలలో కూడా తోచలేదు. రాకుండా తొక్కిపట్టిన త్రేన్పు భయం వల్ల వచ్చిందనుకున్నాడు.

మేనేజరు తొందర వల్ల రక్తం సీసాను జీపులో సాక్చీ లేబరేటరీకి పంపించారు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. డాక్టరు దాన్ని చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. బరువు తగ్గింది, పొట్ట తగ్గింది, బీపీ బాగుంది. రక్తంలో కొవ్వు మాత్రం మొదటిసారికన్నా ఎక్కువైంది.

"నేను చెప్పినవన్నీ చేశావా?"

"సేసినాను సార్. సత్తు తాగినాను, నడిసినాను, సీసా మానినాను..." అని వేళ్ళు మడుస్తూ బంగార్రాజు మధ్యలో ఆగాడు. ఇన్నాళ్ళు నోరు కట్టుకుంటే ఎక్కువైందంటే, ఇది తిండితో పోయే జబ్బు కాదన్నమాట. నాన్నకొచ్చిందే తనకూ వచ్చిందన్నమాట. క్రేన్ పోయినా పర్వాలేదు, రమకు చదువు పూర్తయ్యేదాకా బతికుంటే చాలు అనుకున్నాడు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి, తుడుచుకోలేదు.

సరిగ్గా అప్పుడే సింహాచలమ్మ, రమాదేవి లోపలికొచ్చారు. పాసవడం ఖాయమని, డాక్టరు బాబుకు ముందుగానే దండం పెట్టి వెళ్దామని మధ్యాహ్నం లోకల్‌కి వచ్చారు. సింహాచలమ్మ చేతిలో మూతపెట్టిన ఇత్తడి గిన్నె ఉంది. మొగుడి మొహం చూడకుండానే మూత తీసి, ఒక ముద్ద డాక్టరు ముందుకు చాచింది.

"సత్తెనారాయణసామి పెసాదం, డాక్టరు బాబూ."

డాక్టరు అలవాటుగా కుడిచెయ్యి చాచాడు, ఎడమచెయ్యి దాని కింద పెట్టాడు. నేతిలో మెరుస్తున్న ముద్దను కళ్ళకద్దుకోబోయి మధ్యలో ఆగాడు.

"ఇది... ఇతను కూడా తీసుకున్నాడా? ఈ రోజు పొద్దున్న?"

రమాదేవి తెలుగులో చెప్పింది. సింహాచలమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"పెసాదం కదా బాబూ! తీసుకోకండా ఎలాగొత్తాడు? నాదీ, నూకాలమ్మదీ, తవిటమ్మదీ, జోగమ్మదీ, అందరిదీ తీసుకునే వొచ్చినాడు."

"మొదటిసారి రక్తం ఇచ్చిన రోజు?"

"ఆ రోజు నాదొక్కటే" అంది సింహాచలమ్మ, ఆ రోజు తక్కువ పెట్టానేమోనని నొచ్చుకుంటూ.

డాక్టరు బంగార్రాజు వైపు తిరిగాడు. "ఏమీ తినలేదన్నావు!"

"తిననేదు సార్! పెసాదం తిండేటి?" అని బంగార్రాజు నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. రమాదేవి కూడా నిజమే కదా అన్నట్టు తలూపబోయి, సగంలో ఆగి, రెండు చేతులతో నోరు మూసుకుంది. సైన్సు ఆ క్షణంలో గుర్తొచ్చింది.

డాక్టరు కోప్పడతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన చేతిలో ముద్దను అలాగే పట్టుకుని, తన టిఫిన్ డబ్బాలో ఉడికిన బొప్పాయి వంక చూశాడు.

"నాదీ ఏడాదిగా ఎక్కువే వస్తోంది" అన్నాడు మెల్లగా. "ఏడాదిగా ఇదే గడ్డి తింటున్నాను. మా ఆవిడ రోజూ తెల్లవారి కాళీ గుడికెళ్ళి ప్రసాదంగా సందేశ్ మిఠాయి తెస్తుంది. నేను రక్తం ఇచ్చే రోజున రెండు తెస్తుంది."

సింహాచలమ్మ ఇత్తడి గిన్నె మీద మూత పెట్టేసింది. బంగార్రాజుకు ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు, నవ్వుతూనే ఇందాకటి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరు లేచి వెళ్ళి మేనేజరును ఇంకొక్క రోజు ఆగమని బతిమాలాడు.

ఆ మర్నాడు పొద్దున్న సింహాచలమ్మకు పెద్ద ధర్మసంకటం వచ్చిపడింది. దేవుడికి పెట్టాక మొగుడికి పెట్టకుండా ఉండలేదు. అందుకని దేవుడికే పెట్టలేదు. "పది గంటలదాకా ఓపిక పట్టు సామీ, నీకూ మా ఆయనకీ కలిపే పెడతాను" అని పటానికి నచ్చజెప్పి, పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. నూకాలమ్మ వగైరాల గుమ్మాల దగ్గర రమాదేవి తండ్రి పక్కనే నడుస్తూ కాపలా కాసింది. గమ్హరియాలో డాక్టరూ బంగార్రాజూ పక్కపక్క స్టూళ్ళ మీద కూర్చుని, ఒకరి నోటి వంక ఒకరు అనుమానంగా చూసుకుంటూ, చొక్కా చేతులు పైకి మడిచారు.

ఇద్దరి కాగితాలూ బాగానే వచ్చాయి. డాక్టరు ఆనందం ఆపుకోలేక బొప్పాయి డబ్బాను ఫ్యాక్టరీ పిల్లికి పెట్టబోయి, మళ్ళీ వైద్యుడిలా ఆలోచించి మూత పెట్టేశాడు.

"మొదటి అంకెలో కొంత దేవుడిది, కొంత నీది" అన్నాడు బంగార్రాజుతో. "దేవుడిది ఒక్క పూటలో పోయింది. నీది పోవడానికి ఇన్నాళ్ళ సత్తు, ఇంత నడక కావలసి వచ్చింది. దాన్ని మళ్ళీ రానివ్వకు. ప్రసాదం కళ్ళకద్దుకో, చిటికెడు తీసుకో. ముద్దలు వద్దు."

ఆ మధ్యాహ్నం బంగార్రాజు క్రేన్ నిచ్చెన ఎక్కాడు. ఎప్పుడూ సగంలో ఆగి ఆయాసపడే చోట ఈసారి ఆగలేదు. పైన తన దిండు అలాగే ఉంది. దాని పక్కన బూరెల నూనె మరకలున్నాయి. లేడిల్‌ను లేపి, ఫౌండ్రీ మధ్యనుంచి నిశ్శబ్దంగా తీసుకెళ్ళి మూస మీద వంచాడు. కింద ఉన్నవాళ్ళెవరూ తలెత్తి చూడలేదు. తలెత్తి చూడవలసిన అవసరం లేకపోవడమే అతనికి గొప్పగా అనిపించింది.

ఎందుకైనా మంచిదని డాక్టరు ఆ వారమే పోలరాజు రక్తం కూడా పరీక్ష చేయించాడు. పోలరాజు నోటీసు చదివి, నూకాలమ్మ చేత ఒట్టు వేయించుకుని, ప్రసాదం కూడా ముట్టకుండా నిజంగానే ఖాళీ కడుపుతో వచ్చాడు.

అతనికి వచ్చిన అంకె మాత్రం బంగార్రాజుకు మొదట వచ్చిన రెండు చెడ్డ అంకెలూ కలిపినంత ఉంది, అందులో దేవుడి వాటా ఏమీ లేదు.